పాతర మీద పడవ

మనవరాలు హాల్లో టీవీ ముందు నిలబడి, చేతులు కట్టుకుని, గొంతు పెద్దది చేసి చెబుతోంది. "మేము విహారయాత్రకు వెళ్లాము. కృష్ణమ్మ మీద పడవ ప్రయాణం చేశాము. చల్లటి గాలి, నీలి నీళ్లు మా మనసులను దోచుకున్నాయి." కోడలు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. నేను వంటింటి గడప దగ్గర కూర్చుని అనపకాయలు ఒలుచుకుంటూ వింటున్నాను. పిల్ల గొంతు బాగుంటుంది, ఏం చెప్పినా వినాలనిపిస్తుంది. ఇంతలో ఆ ముక్క వచ్చింది. "పూర్వం ఇక్కడ బీడు భూములు, రాళ్లగుట్టలు తప్ప ఏమీ ఉండేవి కావు."

"ఏమీ" అన్నచోట రెండు అరచేతులూ ఖాళీగా తిప్పి చూపించింది. అట్లా చూపించాలని మేడం నేర్పిందట.

"ఏమన్నవ్ బిడ్డా? మల్లొకసారి చెప్పు" అన్నాను.

నేను మెచ్చుకుంటున్నాననుకుని ఇంకా ముద్దుగా చెప్పింది, అరచేతులు ఇంకా బాగా తిప్పింది.

"ఎవరు చెప్పిండ్రు నీకు గీ మాట?"

"మేడం గ్రూపుల పెట్టింది నానమ్మా. ఎల్లుండి స్కూల్ డే. స్టేజి మీద ఎస్కర్షన్ గురించి నేనే చెప్పాలె."

కోడలు వీడియో ఆపేసింది. "ఏమైంది అత్తమ్మా?"

"ఏం కాలే. మీ మేడం మా ఊరిని బోర్డు మీద గీత తుడిచినట్టు తుడిచేసింది. గంతే."

నాకు కోపం ఎక్కువని ఇంట్లో పేరు. పాలు పోసే అతను, కరెంటు బిల్లు కొట్టే అతను, వీధి కుక్కలు, అందరికీ నా నోరు తెలుసు. కొడుకైతే "మా అమ్మతోని జర పైలం" అని కొత్తవాళ్లకు ముందే చెప్పి పెడతాడు. కానీ ఆ రోజు వచ్చిన కోపం వాళ్లెవరికీ తెలియనిది. అది చాలా పాతది. నేను ఆ పిల్లంత ఉన్నప్పటిది.

మనవరాలి బడివాళ్లు వనపర్తి నుంచి బస్సులో తీసుకుపోయి, ఒడ్డున ఫోటోలు దిగి, పిల్లలను పడవ ఎక్కించి తిప్పారు. ఆ పడవ ఎక్కడెక్కడ తిరిగిందో నేను ఇంట్లో కూర్చునే చెప్పగలను. ఒడ్డు మీద గుట్ట ఉంది, దాని మీద ఒక్క వేపచెట్టు ఉంది, ఆ చెట్టుకు ఎదురుగా పోయిందంటే మా బడి మీద నుంచి పోయినట్టే. మా బడి మీద నుంచి, మా వీధి మీద నుంచి, మా అవ్వ జొన్న పాతర మీద నుంచి. బీడు భూములంట. మా నల్లరేగడిలో ఎండాకాలం నెర్రెల్లో కాలు పడితే మోకాలి దాకా దిగిపోయేది. ఆ నేలను బీడు అన్న మనిషి నాకు ఎదురుపడితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

మా బడి ఊరి చావడిలో నడిచేది. మట్టి గోడలు, పైన దూలాలు, దూలాల్లో పిచ్చుకల గూళ్లు. వాన పడితే సున్నం వాసన, ఎండ కాస్తే పిచ్చుకల రెట్ట వాసన. మధ్యాహ్నం సర్కారు పంపిన పచ్చటి రవ్వతో ఉప్మా ఉడికేది. ఆ ఉప్మా వాసన వచ్చిందంటే ఎక్కాలు వాటంతట అవే ఆగిపోయేవి. పలకలను ఉమ్మి పెట్టి మోచేత్తో తుడిచేవాళ్లం, మోచేతులన్నీ తెల్లగా ఉండేవి, ఇంటికి పోతే అమ్మ తిట్టేది.

ఒకే సారు. ఆత్మకూరు దిక్కు మనిషి. మా ఊర్లోనే ఒక అర్ర కిరాయికి తీసుకుని ఉండేవాడు. పొడుగు మెడ, సన్నటి కాళ్లు. మేమంతా చాటుగా కొంగ సారు అనేవాళ్లం. ఆయనకు నాలుగు గోడల మధ్య కూర్చుంటే ఊపిరాడేది కాదు. లెక్కలు చింతగింజలతో చెప్పేవాడు, నేలల పాఠం చెలకల్లో చెప్పేవాడు, ఆకుల పాఠం కంచెల వెంట నడిపిస్తూ చెప్పేవాడు. ఇప్పుడు వీళ్లు 'యాక్టివిటీ' అని పేరు పెట్టి ఫీజు తీసుకుంటున్నారే, ఆయన దానికి పేరు కూడా పెట్టలేదు. "లేవండ్రి, పోదాం" అనేవాడు, అంతే.

అన్నిటికన్నా మాకు ఇష్టమైన పాఠం పాతర తెరిచే రోజు. ఊర్లో ఎవరింటి పాతర తెరుస్తున్నా సారుకు కబురు వచ్చేది, బడి మొత్తం అక్కడికి కదిలేది.

పాతర అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంటి ముందు గట్టి నేలలో కుండలాగా తవ్వేవారు. మూతి సన్నగా, కడుపు వెడల్పుగా. లోపల చుట్టూ వరిగడ్డి, వేపాకు పరిచి, జొన్నలు నింపి, మూతి మీద బండ వేసి, మట్టి మెత్తేవారు. ఆ పైన ఇంటి ముందు నడిచినట్టే నడిచేవారు, పిల్లలం ఆడుకునేవాళ్లం. కింద ఏడాది తిండి ఉందని కొత్తవాళ్లు ఎవరూ కనిపెట్టలేరు. తెరిచే రోజు అవ్వ బండకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, పక్కకు జరిగి నిలబడేది. బండ తీయగానే లోపలి నుంచి వేడి, పులుపు కలిసిన ఆవిరి కొట్టేది. ఎవరూ వెంటనే దిగకూడదు, దిగితే ఊపిరాడక పోతారు. కందిలికి తాడు కట్టి లోపలికి దించేవారు. దీపం మిణుకుమని ఆరిపోయేది. "ఎందుకు ఆరింది? చెప్పండ్రి" అని సారు మమ్మల్ని అడిగేవాడు. మేం దయ్యం ఊదిందని చెబితే నవ్వి, గాలి గురించి చెప్పేవాడు. జరసేపు ఆగి మళ్లీ కందిలి దించేవారు. ఈసారి దీపం వెలుగుతూనే ఉంటే అప్పుడు మనిషి దిగేవాడు. దీపానికి గాలి కావాలని నేను పుస్తకంలో చదవలేదు, మా అవ్వ పాతర అంచున బోర్లా పడుకుని చూశాను.

జొన్నలన్నీ తీశాక ఖాళీ పాతర మా సొత్తు. తల లోపలికి పెట్టి పేరు పిలిస్తే పాతర మన పేరు మనకే తిరిగి పిలిచేది. లావుగా, పెద్ద మనిషి గొంతుతో. ధ్వని పాఠం అదే. ఒకసారి నా వంతు వస్తే నా పేరు బదులు "కొంగ సారూ" అని అరిచాను. పాతర దాన్ని ఊరంతా వినబడేట్టు తిప్పి చెప్పింది. తల బయటకు తీస్తే వెనకాలే సారు నిలబడి ఉన్నాడు. "మంచిగ పలికింది. పాఠం అర్థమైంది. ఇప్పుడు చెయ్యి సాపు" అన్నాడు. బెత్తం దెబ్బ పెద్దగా తగల్లేదు, ఆయనే నవ్వు ఆపుకోలేక కొట్టాడు.

ఆ జొన్నలతో చేసిన రొట్టెలకు పాతర వాసన ఉండేది. బయటి ఊరి చుట్టాలు ముక్కు చిట్లించేవారు. మాకు ఆ వాసన లేకపోతే రొట్టె తిన్నట్టే ఉండేది కాదు.

కృష్ణమ్మ మీద ప్రాజెక్టు కడతారన్న మాట నేను పుట్టకముందు నుంచే ఊర్లో ఉంది. నీళ్లు వస్తాయి, ఊరు మునుగుతుంది అని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. చెప్పుకుని చెప్పుకుని ఆ మాటకు అలవాటు పడిపోయారు. గోడల మీద ఎర్ర రంగు గుర్తులు వేసి పోయారు. పైన చెలకల్లో కొత్త ఊరికి జాగా అని రాళ్లు పాతి పోయారు. ఎప్పుడు వస్తాయి నీళ్లు అంటే మాత్రం ఒకడు ఈ ఏడు అంటాడు, ఇంకొకడు వచ్చే ఏడు అంటాడు, మూడోవాడు మాకు తెల్వదు అంటాడు.

ఆ ఏడు జొన్న విరగపండింది. ఊర్లో పాతరలన్నీ మూతి దాకా నిండాయి. అప్పుడు పట్టుకుంది మా అవ్వకు దిగులు. పాతర ఒకసారి తెరిస్తే మళ్లీ మూయడానికి లేదు. గాలి సోకిన గింజకు పురుగు పడుతుంది. తెరిచి పైకి మోసుకుపోదామా అంటే కొత్త ఊర్లో రాళ్లు తప్ప కప్పు లేదు, వాన మొదలైతే ఎక్కడ పోస్తారు? తెరవకుండా ఉంచుదామా అంటే నీళ్లు వస్తే మొత్తం పోతుంది. ఈ వానకాలం నీళ్లు వస్తాయా రావా, ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు. ఆ ఒక్క ముక్క చెప్పే మనిషి మాకు దొరకలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి మా నాయన చెప్పులు అరిగాయి. "రేపు రా" అనేవారట. వాళ్ల రేపులు కాలిపోను.

అట్లాంటప్పుడు వచ్చింది ఎస్కర్షన్.

ప్రాజెక్టు వాళ్లే లారీ పంపుతారట. ఏటి ఒడ్డు ఊర్ల బడి పిల్లలందరినీ తీసుకుపోయి ఆనకట్ట చూపిస్తారట. మా బడి పుట్టినప్పటి నుంచి ఊరు దాటి పోయింది లేదు. ఆ వారం మేం పాఠాలు చదివితే ఒట్టు. అవ్వ నాకోసం జొన్నరొట్టెను మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి వేసి మలీద ముద్దలు కట్టింది. పల్లికారం వేరే పొట్లం. పొద్దున లారీ దగ్గరికి వచ్చి నా తల దువ్వుతున్నట్టే దువ్వి, చెవిలో చెప్పింది.

"అందరు చూసినట్టు చూడకు. నీళ్లు ఏడిదాక వచ్చినయో చూడు. మన పాతర తెరవాల్నో వద్దో అడుగు. ఇంటికొచ్చి నువ్వు చూసిందే చెప్పు. తెలిసిందా?"

"అవ్వా, నాకు తెలుసులే" అన్నాను.

అమ్రాబాద్ అడవిలో నుంచి పోయింది లారీ. ఆ దారి నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. టేకు ఆకులు ఎండి నేల మీద పరుచుకుని, లారీ పోతుంటే గలగలమనేవి. కొండముచ్చులు కొమ్మల మీద కూర్చుని మమ్మల్ని లెక్కచేయకుండా చూశాయి. సారు లారీ వెనకభాగంలో పట్టుకుని నిలబడి ఒక్కొక్క చెట్టు పేరు అరిచి చెప్పాడు. ఘాటు దారి మలుపుల్లో సగం మంది కక్కారు. నా పక్కన కూర్చునే పిల్ల నా మలీద ముద్ద తినేసి, అదే కక్కింది. దానితో ఆనకట్ట వచ్చేదాకా మాట్లాడలేదు నేను.

ఆనకట్ట చూడగానే నోళ్లు తెరిచాం, అబద్ధం ఎందుకు చెప్పాలి? అంత పెద్దది మనుషులు కట్టారంటే నమ్మబుద్ధి కాలేదు. సిమెంటు దుమ్ము, ఇనుము కాలిన వాసన. పసుపుపచ్చ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన మమ్మల్ని నీడకు పిలిచి, తలా ఒక బూందీ లడ్డు చేతిలో పెట్టాడు. చాలా మంచిగా మాట్లాడాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు, చాలా మంచిగా మాట్లాడాడు. తర్వాత మమ్మల్ని వరుసలో నిలబెట్టి పాఠం నేర్పించాడు. ఆయన ఒక ముక్క చెప్పడం, మేం కలిసి అనడం, అన్నాక చప్పట్లు కొట్టడం. ఆనకట్టతో కరెంటు వస్తుంది. చప్పట్లు. ఆనకట్టతో కరువు పోతుంది. చప్పట్లు. ఈ ఏడు మా ఊరికి నీళ్లు రావు. చప్పట్లు. దసరా దాటేదాకా ఆనకట్ట తలుపులు దించరు. చప్పట్లు.

"మీ ఊరెళ్లి ఇట్లాగే అందరికీ చెప్పాలి. చెబుతారా?" అన్నాడు.

"చెప్తం సార్" అని అరిచాం.

నేను వరుస దాటి ముందుకు పోయాను. "సారూ, మా అవ్వ అడగమన్నది. మా పాతర తెరవాల్నా, వద్దా?"

పాతర అంటే ఏంటని ఆయన మా సారును అడిగాడు. సారు చెప్పాడు. ఆయన నవ్వి నా తల మీద చెయ్యి వేశాడు. "తెరవొద్దని చెప్పమ్మా మీ అవ్వకి. నిశ్చింతగా పడుకోమను."

ఒంటికి పోవాలని నేనూ నా పక్క పిల్లా అక్కడున్న చిన్న దుకాణాల వెనకకు పోయాం. అక్కడి నుంచి ఆనకట్టకు పైవైపు కనబడింది. కింద నీళ్లు నిలబడి ఉన్నాయి. పారడం లేదు, పచ్చగా, కదలకుండా ఉన్నాయి. నీళ్ల మధ్యలో ఈతచెట్ల తలలు కనబడుతున్నాయి. మొదళ్లు లేవు, తలలే. ఒక తల మీద గువ్వ కూర్చుని దిగడానికి చోటు లేక అటూ ఇటూ తిరుగుతోంది. నేను ఉరికిపోయి సారును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. "సారూ, చెట్లు మునిగినయి. నీళ్లు వస్తున్నయి గద?"

సారు చూశాడు. "నడువు నడువు, లారీ పోతది" అన్నాడు. తిరుగు దారిలో ఒక్క చెట్టు పేరు కూడా చెప్పలేదు.

ఊర్లో బొడ్రాయి దగ్గర జనం మాకోసమే కాచుకుని ఉన్నారు. మమ్మల్ని అరుగు ఎక్కించారు. మేం నేర్చుకున్నది నేర్చుకున్నట్టు అప్పజెప్పాం. ఈ ఏడు నీళ్లు రావు అనగానే ఆడవాళ్లు చేతులెత్తి కృష్ణమ్మకు మొక్కారు. ఒకతను మమ్మల్ని ఎత్తుకుని తిప్పాడు. పిల్లలందరూ ఒక్క గొంతుతో చెబుతున్నారు, బడిలో నేర్పిన మాట, చూసొచ్చిన మాట, ఇంకేం కావాలి? మా ఊరివాళ్లకు చదువంటే అంత గురి. బడిలో చెప్పింది అబద్ధం అవుతుందన్న ఊహ కూడా వాళ్లకు రాలేదు. ఆ పసుపు టోపీ ఆయనకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పెద్దవాళ్లకు చెప్పకుండా మాకు నేర్పించాడు.

ఇంటికి పోయాక అవ్వకు ఈతచెట్ల తలల గురించి చెప్పాను. అవ్వ చేస్తున్న పని ఆపేసింది. "తెరుద్దాం రా" అంది నాయనతో. "పిల్ల కండ్లార చూసింది."

"పిల్లలందరు ఒక్క తీరుగ చెప్తుంటే ఇదొక్కతి చెప్పింది వినాల్నా?" అన్నాడు నాయన. "సార్లు నేర్పిన మాట తప్పయితదా అమ్మా? తెరిచినంక నీళ్లు రాకపోతే, పురుగు పడితే, ఏడాది ఏం తింటం?"

అవ్వ నన్ను మళ్లీ మళ్లీ అడిగింది, నేను మళ్లీ మళ్లీ చెప్పాను. నాయన వినలేదు. వాళ్లు నేర్పిన మాట నా నోటి వెంట వస్తే ఊరంతా నెత్తిన పెట్టుకుంది. నా కళ్లతో చూసిన మాట చెబితే సొంత నాయన చెవిన వేసుకోలేదు. ఆ మంట ఇంకా తగ్గలేదు నాకు.

బతుకమ్మ పూలు ఇంకా పూయలేదు. పొద్దున ఎక్కాలు చదువుతున్నాం. ఎవరో పిల్లవాడు కిటికీలో నుంచి చూసి "వాగు ఎనకకు పారుతుంది సారూ" అన్నాడు. సారు పుస్తకం కింద పెట్టి బయటకు నడిచాడు, మేం ఆయన వెనక ఉరికాం. ఏట్లో కలవాల్సిన వాగు ఊర్లోకి వస్తోంది. చప్పుడు లేదు. పాము పాకినట్టు మెల్లగా, మురికి నురగతో, వీధిలోకి వచ్చింది. చిన్నపిల్లలు కొందరు కాళ్లు తడుపుకుని ఎగిరారు.

అప్పుడు మొదలైంది. నీళ్లు ఎవరి పాతర మీదికి వస్తే అక్కడ బుడగలు. ఇంటింటి ముందు నేల ఉడుకుతున్న అన్నంలాగా బుడబుడమంది. పాతరలోని గాలి పైకి వస్తోంది, నీళ్లు లోపలికి పోతున్నాయి. కందిలి పాఠం చదివినవాళ్లం కదా, మాకు అర్థమైంది. పెద్దవాళ్లు గడ్డపారలు పట్టుకుని ఉరికారు. మోకాలి నీళ్లలో బండ లేపితే ఉన్న నీళ్లన్నీ ఒక్కసారిగా లోపలికి పోయేవి. మా అవ్వ పాతర బండ మీద కూర్చుంది, తన ఒళ్లు అడ్డం పెడితే నీళ్లు ఆగుతాయన్నట్టు. నాయన ఎత్తుకుపోదామని వస్తే చెయ్యి విదిలించింది. చివరికి నేనూ అమ్మా రెక్కలు పట్టి లాక్కుపోయాం.

తడిసిన జొన్నలు గంపలతో పైకి మోశారు, చెలకల్లో ఆరబోశారు, ఆరబోసినవాటి మీదే వాన పడింది. కొన్ని మొలకెత్తాయి, మిగతావి నల్లబడి కుళ్లాయి. ఆ వాసన. పశువులు మూతి పెట్టలేదు. మేం తిన్నాం. ఆకలికి తిన్నాం. అవ్వ కడిగి కడిగి, ఎండబెట్టి, విసిరి, రొట్టె చేసేది. కక్కుకుంటూ తిన్నాం. పాతర వాసన లేని రొట్టె తినలేనని మారాం చేసిన పిల్లను నేను. ఆ తర్వాత ఏళ్ల తరబడి జొన్నరొట్టె వాసన వస్తే లేచి బయటకు పోయేదాన్ని.

ఊర్లో వాళ్లు మమ్మల్ని ఏమీ అనలేదు అంటే అబద్ధం. "బడి పోరగాండ్లు చెప్తిరి" అనేవారు. తిట్టినట్టు కాదు, మామూలుగా అనేవారు. అదే ఎక్కువ గుచ్చుకునేది. మా ఊరి నోట్లో మన్ను కొట్టింది వాళ్లు, అందుకు వాడుకున్నది మా నోళ్లను.

సారు కొత్త ఊరికి ఒక్కసారే వచ్చాడు. మా గుడిసె ముందు నిలబడి, మెడ వంచుకుని, "పెద్దమ్మా, నాకు గూడ గట్లనే చెప్పమన్నరు. నౌకరి" అన్నాడు.

అవ్వ చాటలో జొన్నలు ఏరుతోంది. తల ఎత్తలేదు. "నీకు చెప్పమంటే నువ్వే చెప్పేదుండె సారూ. నిన్ను తిట్టుకుని ఊకుందుము. పిల్లలకెందుకు నేర్పిస్తిరి?"

నాకు ఆ సారంటే ప్రాణం. ఆయన చూపించిన చెట్ల పేర్లు ఇప్పటికీ మరచిపోలేదు. ఆయన మీద కోపమూ పోలేదు. రెండూ అట్లాగే ఉన్నాయి, ఒకదాన్నొకటి తగ్గించవు.

ఆ ఎండాకాలం నాయనా అమ్మా మట్టి పనికి పోయారు. ఎక్కడికో తెలుసా? ఇంకో ప్రాజెక్టుకు, కట్ట పోయడానికి. నన్ను వెంట తీసుకుపోయారు, చెల్లెను ఎత్తుకోవడానికి. నా చదువు ఆ వాగు వెనక్కి పారిన పొద్దున ఏ ఎక్కం దగ్గర ఆగిందో అక్కడే ఆగింది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అనపకాయలు ఒలవడం కూడా మరచిపోయి చెప్పాను. పిల్ల నోరు తెరుచుకుని విన్నది. "మరి నేనేం చెప్పాలె నానమ్మా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపు కోడలు అందుకుంది. "మేడం ఇచ్చింది ఇచ్చినట్టే చెప్పాలె. మార్చొద్దు అత్తమ్మా, అది పరేషాన్ అయితది. చిన్నపిల్ల." కోడలు చెడ్డది కాదు. పిల్ల స్టేజి మీద తడబడుతుందని దాని భయం దానిది.

స్కూల్ డే నాడు ప్లాస్టిక్ కుర్చీల్లో ముందు వరుసలో కూర్చోబెట్టారు నన్ను. పిల్లకు నీలం గౌను, తలలో పూలు. గడగడా చెప్పుకుంటూ వచ్చింది. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నా వైపు చూసింది, వాళ్లమ్మ వైపు చూసింది. పక్కన తెర చాటు నుంచి మేడం అందించింది, "పూర్వం ఇక్కడ..." పిల్ల తల వంచుకుని చెప్పేసింది. బీడు భూములు, రాళ్లగుట్టలు తప్ప ఏమీ ఉండేవి కావు. అరచేతులు మాత్రం తిప్పలేదు. జనం చప్పట్లు కొట్టారు.

మా ఊరి మీద చప్పట్లు వినడం నాకది రెండోసారి.

లేచి నిలబడ్డాను. "అబద్ధం" అన్నాను. నా గొంతుకు మైకు అవసరం లేదు. "ఆడ ఊరుండె. మా బడుండె. మా పాతరలుండె. మీ పడవ మా ఇంటి మీదికెల్లి పోయింది."

ఒకాయన ఉరికొచ్చి, "అమ్మా, కూసోండ్రి, ప్రోగ్రాం అయినంక మాట్లాడుకుందం" అన్నాడు. కోడలు నా కొంగు పట్టుకుని లాగుతోంది. స్టేజి మీద పిల్ల ఏడవడానికి సిద్ధంగా ఉంది. మేడం తెర చాటు నుంచి బయటకు వచ్చింది. చిన్న పిల్ల పాపం, మొన్న మొన్న చదువు అయిపోయినట్టుంది. "నాకు తెల్వదు పెద్దమ్మా, నెట్ల ఉంటే తీసుకున్న" అంది.

"తెల్వకపోతే అడుగుతరు బిడ్డా. నీకు తెల్వనిది నువ్వు చెప్పుకో, నిన్ను తిట్టుకుని ఊకుంట. పిల్లలకెందుకు నేర్పిస్తివి?"

అవ్వ మాట నా నోటి నుంచి అట్లాగే వచ్చింది. మేడం తల వంచుకుంది. మా సారు వంచుకున్నట్టే.

ఆటోలో ఇంటికి వచ్చేటప్పుడు కోడలు మొహం పక్కకు తిప్పుకుని కూర్చుంది. పిల్లకు నా మీద కోపం వచ్చిందనే అనుకున్నాను, రావాల్సిందే కూడా. ఇల్లు దగ్గరపడుతుంటే మెల్లగా నా చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నానమ్మా, పాతరల పేరు పిలిస్తే మల్ల మన పేరు పిలుస్తదా, నిజంగనా?"

"పిలుస్తుండె."

"ఇప్పుడు పిలుస్తదా?"

ఎండలు ముదిరి నీళ్లు దిగిన ఏడు, బురదలో మా వీధి బయటపడుతుంది. గోడల మొదళ్లు, చావడి గడప రాయి, వరుసగా పాతరల మూతులు. నేను పోయి చూశాను. మూతి దాకా ఒండ్రు నిండి ఉంటుంది. ఎంత గట్టిగా పిలిచినా పలకదు. ఆ సంగతి పిల్లకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. నేను చూసింది దానికి చెప్పి, అదే నిజమని అప్పజెప్పమంటే, నాకూ వాళ్లకూ తేడా ఏముంది?

"నన్ను చెప్పమనకు. ఎండకాలం నీళ్లు దిగినంక పోయి నువ్వే పిలిచి చూడు" అన్నాను. "మీ మేడంను గూడ రమ్మను. ఎస్కర్షన్ అని చెప్పు."